1960-62లో యూటాలో చదివిన నాన్నగారికి బ్లడ్ క్యాన్సర్: అమెరికా అణు పరీక్షల పరిహారానికి అమ్మ దరఖాస్తు చేయొచ్చా?

సుధారాణి_గుంటూరు

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా నాన్నగారు నీటిపారుదల శాఖలో ఇంజినీరు. నాగార్జునసాగర్ పనులు ముమ్మరంగా నడుస్తున్న రోజుల్లో శాఖ తరఫున పైచదువుకి అమెరికా వెళ్లారు. 1960 సెప్టెంబరు నుంచి 1962 ఆగస్టు దాకా యూటా రాష్ట్రంలోని లోగన్‌లో ఉండి, యూటా స్టేట్ యూనివర్సిటీలో ఇరిగేషన్‌లో ఎం.ఎస్. చేశారు. అప్పటికి అమ్మకి పెళ్లయి మూడేళ్లు. చంటివాడైన అన్నయ్యని పెట్టుకుని పుట్టింట్లో ఉంది.

1983లో నాన్నగారికి రక్త క్యాన్సర్ అని తేలింది. 1986లో సర్వీసులో ఉండగానే పోయారు. మా ఇంట్లో ఎవరికీ ఆ జబ్బు లేదు. ఆయనకి బీడీ, సిగరెట్టు, తాగుడు ఏ అలవాటూ లేదు. "ఎందుకొచ్చింది?" అని అమ్మ ఇన్నేళ్లూ అడుగుతూనే ఉంది.

మా అన్నయ్య కొడుకు ఇప్పుడు సాల్ట్‌లేక్ సిటీలో ఉద్యోగం చేస్తున్నాడు. అమెరికా అణుబాంబు పరీక్షల ధూళి పడిన ప్రాంతాల్లో ఉండి క్యాన్సర్ వచ్చినవాళ్లకి అక్కడి ప్రభుత్వం పరిహారం ఇస్తుందనీ, 2025లో చట్టం మార్చి యూటా మొత్తాన్నీ చేర్చారనీ వాడు చెప్పాడు. అమ్మకి ఇప్పుడు 86. నాన్నగారు అమెరికా పౌరుడు కాదు, చదువుకుని వచ్చేశారంతే. మేం అడగొచ్చా? దీని గురించి తెలిసినవాళ్లు చెప్పండి.

ప్రసాద్_ఫీనిక్స్

సుధగారూ, అడగొచ్చు. అడగాలి కూడా. నేను అరిజోనాలో ఉంటాను. మా చర్చి పక్కనుండే ఒక పెద్దావిడ దరఖాస్తు నింపడానికి సాయం చేస్తూ ఈ చట్టం మొత్తం చదివాను.

చట్టం పేరు రేడియేషన్ ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ యాక్ట్, అందరూ రెకా అంటారు. 1990లో వచ్చింది. నెవాడా ఎడారిలో 1951 నుంచి 1962 దాకా బహిరంగంగా వంద దాకా బాంబులు పేల్చారు. లాస్ వెగాస్ వైపు కాకుండా తూర్పుకి గాలి వీచే రోజు చూసి పేల్చేవారు. ఆ తూర్పున ఉన్నది యూటా. గాలివాటాన ఉన్న ఆ జనాన్నే ఇక్కడ డౌన్‌విండర్లు అంటారు. పాత చట్టంలో యూటా దక్షిణాన పది కౌంటీలకే పరిహారం ఉండేది, మొత్తం 50 వేల డాలర్లు. లోగన్ ఉత్తరాన కాష్ కౌంటీలో ఉంది కాబట్టి మీకు దక్కేది కాదు. 2024 జూన్‌లో ఆ చట్టం గడువే తీరిపోయింది. 2025 జూలై 4న సంతకమైన పెద్ద బిల్లులో దాన్ని మళ్లీ బతికించి యూటా, న్యూ మెక్సికో, ఇడాహో రాష్ట్రాలను పూర్తిగా చేర్చారు. పరిహారం లక్ష డాలర్లు చేశారు.

మీకు పనికొచ్చే షరతులు ఇవి. 1951 జనవరి 21 నుంచి 1962 నవంబరు 6 లోపు కనీసం ఒక ఏడాది అక్కడ ఉండి ఉండాలి. నాన్నగారు దాదాపు రెండేళ్లున్నారు. జబ్బు జాబితాలో ఉండాలి. ల్యుకేమియా, అంటే రక్త క్యాన్సర్, ఉంది, కానీ సి.ఎల్.ఎల్. (క్రానిక్ లింఫోసైటిక్ ల్యుకేమియా) అనే రకానికి మాత్రం ఇవ్వరు. మనిషి పోయి ఉంటే భార్యకి వస్తుంది, పోయేనాటికి పెళ్లయి కనీసం ఏడాది అయ్యుండాలి. భార్య లేకపోతే పిల్లలకి సమానంగా పంచుతారు. పౌరసత్వం సంగతికొస్తే, నేను చదివిన మేరకు డౌన్‌విండర్ల విభాగం "అక్కడ ఉన్న వ్యక్తి" అంటుందే తప్ప అమెరికా పౌరుడై ఉండాలనలేదు.

గడువు 2027 డిసెంబరు 31. అమ్మగారి వయసు చూసుకుంటే అంతదాకా ఆగకండి.

కిరణ్_ఫిజిక్స్

నిరుత్సాహపరచాలని కాదు. కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను కాబట్టి ఒక మాట అడుగుతున్నా. 1958 చివర నుంచి 1961 సెప్టెంబరు దాకా అమెరికా, రష్యా రెండూ పరీక్షలు ఆపేశాయి. ఈయన వెళ్లింది 1960లో. అంటే ఉన్న రెండేళ్లలో సగం కాలం బాంబులే లేవు. 1961లో నెవాడాలో మళ్లీ మొదలెట్టినవి కూడా ఎక్కువగా భూగర్భంలోనివే. జబ్బు వచ్చింది ఇరవయ్యేళ్ల తర్వాత. దీనికీ దానికీ సంబంధం ఉందని ఎలా రుజువు చేస్తారు?

ప్రసాద్_ఫీనిక్స్

కిరణ్‌గారూ, రుజువు చేయక్కర్లేదు. ఈ చట్టం ప్రాణమే అక్కడుంది. కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే చాలామంది ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోయి దరఖాస్తు పెట్టకుండా ఊరుకుంటున్నారు.

జనం మొదట కోర్టుకే వెళ్లారు. 1953 మే 19న "హ్యారీ" అనే పరీక్ష ధూళి యూటాలోని సెయింట్ జార్జ్ ఊరి మీద పడింది. ఆ వసంతంలోనే సీడార్ సిటీ వైపు గొర్రెలు వేలల్లో చచ్చాయి. మూతుల మీద పుళ్లు, పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోవడం. కాపరులు దావా వేస్తే 1956లో ఓడిపోయారు. 1982లో అదే జడ్జి, క్రిస్టెన్‌సెన్, ప్రభుత్వం తన కోర్టును మోసం చేసిందని తీర్పిచ్చారు. పై కోర్టు దాన్నీ కొట్టేసింది.

తర్వాత మనుషుల కేసు. దాదాపు 1,200 మంది కలిసి వేశారు. అందులోంచి 24 కేసులు ఎంచి విచారించి, 1984లో జడ్జి బ్రూస్ జెంకిన్స్ పది కేసుల్లో ప్రభుత్వానిదే బాధ్యత అన్నారు. 1987లో అప్పీలు కోర్టు, బాంబు పరీక్షలు ప్రభుత్వ విధాన నిర్ణయాలు, వాటిమీద దావా చెల్లదు అని మొత్తం తీసేసింది. సుప్రీంకోర్టు వినడానికే ఒప్పుకోలేదు.

ఫలానా బాంబు ధూళే ఫలానా మనిషి రక్తాన్ని పాడుచేసిందని ఏ డాక్టరూ ప్రమాణం చేసి చెప్పలేడు. ఆ సంగతి ప్రభుత్వానికీ తెలుసు. అందుకే అమెరికా చట్టసభ కాంగ్రెస్ చివరికి రుజువు భారాన్ని జనం నెత్తి మీంచి దించింది. ఆ కాలంలో ఆ చోట ఉన్నావా, జాబితాలోని జబ్బు వచ్చిందా, ఈ రెండే అడుగుతుంది. 1990 చట్టంలో క్షమాపణ కూడా రాశారు. కాబట్టి ఇది దానమూ కాదు, లాటరీ అంతకన్నా కాదు.

సుధగారూ, మీ శక్తంతా కాగితాల మీద పెట్టండి. "ఎందుకొచ్చింది" అనే వాదన దరఖాస్తులో రాయనే వద్దు.

డా_వేణుమాధవ్

కిరణ్‌గారు సగం కాలం అన్నారు కానీ, మిగతా సగంలో ఏం జరిగిందో కూడా చెప్పుకోవాలి. 1962 జూలై 6న నెవాడాలో సెడాన్ అనే పరీక్ష చేశారు. 104 కిలోటన్నులు. నేల లోపల పేల్చినా మట్టిని పైకి చిమ్మడానికే చేసిన పరీక్ష అది, సుమారు 390 మీటర్ల వెడల్పు గొయ్యి పడింది. అదే నెలలో నేల మీదా కొన్ని పేల్చారు. ఆ నెల యూటాలో పాలల్లో అయోడిన్-131 అనే రేడియోధార్మిక పదార్థం బాగా పెరిగింది. యూటా యూనివర్సిటీలో రేడియేషన్ భద్రత చూసే రాబర్ట్ పెండిల్టన్ అది గమనించి గోల చేస్తే, రాష్ట్ర ఆరోగ్య శాఖ కొన్ని డెయిరీల పాలను తాగడానికి కాకుండా చీజ్ తయారీకి మళ్లించింది. అయోడిన్-131 ఎనిమిది రోజులకోసారి సగమవుతుంది కాబట్టి నిల్వ ఉండే సరుకైతే తినేలోపు అది చాలావరకు తగ్గిపోతుందని. అందుకే చట్టంలో 1962 జూన్ 30 నుంచి జూలై 31 దాకా పూర్తిగా అక్కడ ఉంటే చాలు, ఏడాది అక్కర్లేదనే వెసులుబాటు కూడా ఉంది. నాన్నగారు ఆ నెలంతా అక్కడే ఉన్నారు.

అయోడిన్ థైరాయిడ్‌కి పోతుంది. రక్త క్యాన్సర్ విషయంలో చూడాల్సింది స్ట్రాన్షియం-90, బయటి గామా కిరణాలు. స్ట్రాన్షియం శరీరానికి కాల్షియంలాగే కనబడుతుంది, ఎముకలో చేరి మజ్జ పక్కనే కూర్చుంటుంది. అదీ పాల ద్వారానే వస్తుంది.

అమ్మా సుధా, నాకు కావలసింది ఒకటే. అది ఏ రకం ల్యుకేమియా? ఇంట్లో ఏ కాగితాలున్నాయో ఉన్నది ఉన్నట్టు టైప్ చేయండి. పేర్లు వద్దు.

సుధారాణి_గుంటూరు

డాక్టరు గారూ, పాల మాట చదివి అమ్మకి వినిపిస్తే కాసేపు మాట్లాడలేదు. నాన్నగారు శాకాహారి. అక్కడినుంచి రాసిన నీలం ఎయిర్‌లెటర్లు అమ్మ దాచుకుంది. ప్రతి ఉత్తరంలోనూ తిండి గోలే. "ఇక్కడ నాకు పాలూ రొట్టే గతి, పెరుగు నేనే తోడుపెట్టుకుంటున్నాను" అని రాశారు.

కాగితాల సంగతి. వైద్యం చేయించిన ఆసుపత్రికి వెళ్లి అడిగితే అంత పాత రికార్డులు లేవన్నారు. ఇంట్లో ఒక డిశ్చార్జి కాగితం మాత్రం ఉంది. మడత దగ్గర చినిగింది, ఇంకు వెలిసింది. చదవగలిగినంత రాస్తున్నాను: తేదీ 1983 నవంబరు. తెల్లకణాలు 1,80,000. "మైలోసైట్స్, మెటామైలోసైట్స్ ప్లస్". ప్లీహం పక్కటెముకల కింద 10 సెం.మీ. రోగం పేరు దగ్గర "సి" తర్వాత అక్షరం చినిగిపోయింది, చివర "ఎల్". కింద మందు "మైలెరాన్" 4 మి.గ్రా.

డా_వేణుమాధవ్

అమ్మా, ఇంక దిగులు లేదు. అది సి.ఎం.ఎల్. మధ్య అక్షరం చినిగినా మిగతా కాగితమంతా అదే చెబుతోంది. మైలెరాన్ అంటే బుసల్ఫాన్, ఆ రోజుల్లో సి.ఎం.ఎల్.కి అందరం రాసిన మందు. నేనే ఎంతమందికి రాశానో. పైగా రక్తంలో మైలోసైట్లు, అంటే ఇంకా ఎదగని తెల్లకణాలు, పొట్ట నిండా ప్లీహం. సి.ఎల్.ఎల్.లో రక్తంలో పెరిగేవి లింఫోసైట్లు, ఈ మైలోసైట్లు కనబడవు. ఆ రెండు రకాలకీ తేడా ఇక్కడ లక్ష డాలర్లు కాబట్టి, ఈ ముక్కని ఒక హెమటాలజిస్టుతో రాయించండి. ఇప్పుడు ప్రాక్టీసులో ఉన్నవాళ్లెవరైనా ఈ డిశ్చార్జి కాగితం చూసి, తెల్లకణాల లెక్క, మందు పేరు ఎత్తి చూపి "ఇది క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా" అని లెటర్‌హెడ్ మీద ఇవ్వగలరు. అసలు కాగితాన్ని లామినేషన్ చేయించకండి, దయచేసి. స్కాన్ చేయించి ప్లాస్టిక్ కవర్లో పెట్టండి.

మరణ ధ్రువపత్రం ఉందా?

సుధారాణి_గుంటూరు

మున్సిపాలిటీ ఇచ్చింది ఉంది. అందులో పోయిన తేదీ, ఊరు ఉన్నాయి. కారణం లేదు. ఇంట్లోనే పోయారు.

రిటైర్డ్_ఈఈ_నల్గొండ

అమ్మాయ్, మన మున్సిపాలిటీలు ఇచ్చే సర్టిఫికెట్టులో కారణం ఉండదు. కారణం డాక్టరు నింపే వేరే ఫారంలో ఉంటుంది, ఆసుపత్రిలో పోతే ఫారం 4, ఇంట్లో పోతే 4ఏ. రిజిస్ట్రారు దగ్గర ఆ ఫారం దొరికితే కాపీ అడుగు. దొరకకపోతే డిశ్చార్జి కాగితమే ఆధారం, దానికోసం నెలలు పాడుచేసుకోవద్దు.

నేను చెప్పాలనుకున్నది వేరే. నాన్నగారు మా శాఖే కదా. ఆయన అక్కడ ఉన్నట్టు రుజువు ఇక్కడే బోలెడుంది. సర్వీసు రిజిస్టరులో విదేశీ చదువుకి పంపిన జీవో నంబరు, రిలీవ్ అయిన తేదీ, మళ్లీ చేరిన తేదీ ఎర్ర సిరాతో రాసి ఉంటాయి. మా కాలంలో అమెరికా సాంకేతిక సహకార కార్యక్రమం కింద వెళ్లినవాళ్లని టీ.సీ.ఎం. వాళ్లనేవాళ్లం. పాత ఎస్.ఆర్., అంటే ఆ సర్వీసు రిజిస్టరు, కోసం ఆఖరున పనిచేసిన డివిజన్ ఆఫీసుకీ, చీఫ్ ఇంజినీరు ఆఫీసుకీ సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టు. దొరికిన పేజీలు అటెస్ట్ చేయించుకో.

పెళ్లి రుజువు గురించి అడగలేదు కానీ అడుగుతారు. 1957 పెళ్లికి రిజిస్ట్రేషన్ ఎక్కడుంటుంది! అమ్మగారు కుటుంబ పెన్షన్ తీసుకుంటున్నారు కదా, ఆ పి.పి.వో.లో (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వులో) ఆయన పేరు, భార్యగా ఈవిడ పేరు, ఇద్దరి ఫొటో కూడా ఉండొచ్చు. సబ్ ట్రెజరీలో సర్టిఫైడ్ కాపీ తీసుకో. శుభలేఖ ఉంటే అదీ పెట్టు. పెళ్లి చూసినవాళ్లు ఇద్దరు బతికుంటే వాళ్ల అఫిడవిట్లు ఇప్పుడే తీసుకో. మా వయసువాళ్లని నమ్ముకుని రేపు మాపు అనకు.

ప్రసాద్_ఫీనిక్స్

ఈఈ గారు బంగారం లాంటి మాట చెప్పారు. అమెరికా వైపు: మీ అన్నయ్యగారి అబ్బాయి యూటా స్టేట్ రిజిస్ట్రార్ ఆఫీసుకి రాసి ట్రాన్‌స్క్రిప్ట్ తెప్పించాలి. ఏ టర్మ్‌లో ఏ క్లాసులో ఉన్నారో తేదీలతో వస్తుంది. ఎం.ఎస్. థీసిస్ లైబ్రరీలో ఉంటుంది, మొదటి పేజీ కాపీ చాలు. పాత పాస్‌పోర్టు ఉంటే అన్ని పేజీలూ. ఇంక ఆ ఎయిర్‌లెటర్లు! లోగన్ పోస్టాఫీసు ముద్ర, తేదీ ఉన్న ఉత్తరాలు, ఒక్కో టర్మ్‌కి ఒకటి చొప్పున, ముందూ వెనకా స్కాన్ చేయండి. ముఖ్యంగా వేసవి సెలవుల్లోవి, 1961 జూన్ నుంచి ఆగస్టు. ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఆ నెలలు ఖాళీగా ఉంటాయి, వాటిని ఉత్తరాలు పూడుస్తాయి. తెలుగులో ఉన్నవాటికి ఇంగ్లీషు అనువాదం జత చేయాలి.

మాలతి_సెయింట్‌లూయిస్

సుధక్కా, నాదీ ఇదే చట్టం, వేరే విభాగం. మేం మిస్సోరిలో మేరీలాండ్ హైట్స్‌లో పద్దెనిమిదేళ్లుగా ఉంటున్నాం. బాంబు తయారీలో మిగిలిన యురేనియం చెత్తని సెయింట్ లూయిస్ ఎయిర్‌పోర్టు దగ్గర ఆరుబయట గుట్టలు పోసి వదిలేశారు, అది కోల్డ్‌వాటర్ క్రీక్ అనే వాగులో కలిసింది. 2025లో ఇక్కడి కొన్ని పిన్‌కోడ్‌లని చేర్చారు. 1949 తర్వాత ఎప్పుడైనా రెండేళ్లు ఆ పిన్‌కోడ్‌లో ఉండి జాబితాలోని క్యాన్సర్ వస్తే 50 వేల డాలర్లు, లేదా చేతినుంచి పెట్టిన వైద్యం ఖర్చు, ఏది ఎక్కువైతే అది. పోయినవాళ్ల కుటుంబానికి 25 వేలు. మాది 63043, జాబితాలో ఉంది. ఫ్లోరిసెంట్, హేజల్‌వుడ్, బ్రిడ్జ్‌టన్ కూడా ఉన్నాయి. నాకు రొమ్ము క్యాన్సర్ అయి తగ్గింది. అపార్ట్‌మెంటు లీజులు, కరెంటు బిల్లులు పెట్టి వేశాను.

ఇది చదివే తెలుగువాళ్లలో ఇక్కడ ఉండి వెళ్లిపోయినవాళ్లు చాలామందే ఉంటారు. కాంట్రాక్టు ఉద్యోగాల్లో వచ్చి మూడేళ్లుండి డాలస్, షార్లెట్ వెళ్లినవాళ్లు. పాత లీజు కాగితాలు పారేయకండి. ప్రోస్టేట్ క్యాన్సర్ జాబితాలో లేదు, అది గమనించండి.

నాగేశ్_ట్రాయ్

ఒక విషయం. మా వాట్సాప్ గ్రూపులో ఒకాయన "రెకా సొమ్ము ఇప్పిస్తాం, వచ్చినదాంట్లో 30 శాతం మాకు" అని మెసేజ్ పెట్టాడు. నమ్మొచ్చా?

ప్రసాద్_ఫీనిక్స్

నమ్మకండి. మొదటిసారి వేసే దరఖాస్తుకి వకీలైనా ఏజెంటైనా 2 శాతం మించి తీసుకోకూడదని చట్టంలోనే ఉంది. తిరస్కరించాక మళ్లీ వేసేదానికి 10 శాతం. మించి తీసుకుంటే జరిమానా పడుతుంది. లక్షలో 30 శాతం అంటే 30 వేల డాలర్లు, ఒక విధవరాలి చేతిలోంచి లాక్కున్నట్టు. ఫారాలు న్యాయ శాఖ వెబ్‌సైటులో ఉచితం. కోర్టుకి వెళ్లే పనిలేదు, వకీలు లేకుండానే నింపుకోవచ్చు. దరఖాస్తు అందాక పన్నెండు నెలల్లో తేల్చాలి. ఏదైనా కాగితం చాలకపోతే అడుగుతారు. కాదంటే అప్పీలుకి 60 రోజులుంటుంది. ఒకే మనిషి పేర మొత్తం మూడుసార్ల దాకా వేయొచ్చు.

ఓబులరెడ్డి_వేముల

అన్నా, మాది కడప జిల్లా, వేముల మండలం. తుమ్మలపల్లె యురేనియం గని మా ఊరి పక్కనే. ఈ చర్చ మొదటినుంచీ చదువుతా ఉండా. అమెరికాలో గని కూలీలకి గూడా ఇస్తారంట కదా? మా దగ్గర బోర్లలో నీళ్లు మారిపాయె, అరటి తోటలు ఎండిపాయె, ఒళ్లంతా దద్దుర్లు అని జనం ఎన్నేండ్ల నుంచి మొత్తుకుంటా ఉండారు. ఎవుర్ని అడిగినా "గని వల్లే అని రుజువేముంది" అంటారు. అక్కడ రుజువు అడగకుండా ఇచ్చే చట్టం తెచ్చుకున్నారంటే, మనకెందుకు రాదు?

ప్రసాద్_ఫీనిక్స్

ఓబులరెడ్డి అన్నా, అవును, అమెరికాలో యురేనియం గనుల్లో, మిల్లుల్లో పనిచేసినవాళ్లకి, ఖనిజం లారీల్లో తోలినవాళ్లకి కూడా లక్ష డాలర్లు. నవాజో తెగవాళ్లు గాలి ఆడని గనుల్లో పనిచేసి ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో వరసగా పోతే, వాళ్ల విధవరాళ్లు పోరాడి తెచ్చుకున్నారు. అదీ ఊరికే రాలేదు. 1945 జూలై 16న మొదటి బాంబు పేల్చిన న్యూ మెక్సికో వాళ్లని చేర్చడానికి ఎనభై ఏళ్లు పట్టింది.

మన దగ్గర గనిలో ఉద్యోగం చేసినవాళ్ల వరకు ఒక దారుంది. 1923 ఉద్యోగుల పరిహార చట్టంలోనూ, 2025 నవంబరులో దాని స్థానంలోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ మూడో షెడ్యూలులో రేడియేషన్ వల్ల వచ్చే జబ్బులు ఉన్నాయి. ఆ పనిలో ఆరు నెలలు ఆపకుండా చేసినవాడికి అలాంటి జబ్బు వస్తే అది పనివల్లే వచ్చినట్టు లెక్క, కాదని రుజువు చేసుకోవాల్సింది యజమాని. ఊళ్లో ఉండే రైతుకి ఇది వర్తించదు. ఆ రైతు కోసమే మీరు గట్టిగా అడగాలి. ఈలోపు ఎవరికి ఏ జబ్బు ఎప్పుడొచ్చిందో, బోరు నీళ్ల పరీక్ష రిపోర్టులు, పంట ఫొటోలు తేదీలతో దాచండి. ఇక్కడ గెలిచినవాళ్లంతా ముందు అలా దాచుకున్నవాళ్లే.

కిరణ్_ఫిజిక్స్

ప్రసాద్‌గారూ, డాక్టరు గారూ, ఇంత చరిత్ర నాకు తెలియదు. సుధగారూ, ఆ ఉత్తరాలు ఇంగ్లీషులోకి అనువాదం చేసే పని నాకివ్వండి. డబ్బేం వద్దు.

సుధారాణి_గుంటూరు

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. జరిగినంతవరకు చెబుతాను.

ట్రాన్‌స్క్రిప్ట్ వచ్చింది. 1960 ఫాల్ నుంచి 1962 సమ్మర్ దాకా ఉంది. 1961 వేసవిలో మాత్రం, ప్రసాద్‌గారు అన్నట్టే, ఏమీ లేదు. ఆ మూడు నెలలకీ మూడు ఉత్తరాలు దొరికాయి, మూడింటి మీదా లోగన్ ముద్ర స్పష్టంగా ఉంది. ఒకదాంట్లో కాలువ గట్టు మీద నీటి ప్రవాహం కొలుస్తున్నానని రాశారు. కిరణ్‌గారూ, వాటిని మీకే పంపుతున్నాను.

ట్రెజరీలో పి.పి.వో. కాపీ ఇచ్చారు. గుంటూరులో ఒక హెమటాలజిస్టు డిశ్చార్జి కాగితం చూసి సి.ఎం.ఎల్. అని రాసిచ్చారు, ఫీజు తీసుకోలేదు. పెళ్లి చూసినవాళ్లలో మా పిన్ని ఒకరే మిగిలారు. రెండోవాళ్లు దొరకలేదు. ఎస్.ఆర్. సంగతి ఇంకా తేలలేదు, అప్పీలు వేశాను.

అమ్మ ఒక మాటంది, రాయమంది కాబట్టి రాస్తున్నాను. "డబ్బు మీకే, నాకేం చేసుకోను. ఆ ప్రభుత్వం ఆయన పేరు మీద ఒక కాగితం పంపితే చాలు, నాకు చదివి వినిపించండి" అంది.

నా ప్రశ్న ఒకటే. ఎస్.ఆర్. కోసం ఆగాలా, లేకుండానే పంపేయనా?

ప్రసాద్_ఫీనిక్స్

ఆగొద్దు. ట్రాన్‌స్క్రిప్ట్, ఉత్తరాలు కలిపితే ఏడాది దాటేసింది. ఎస్.ఆర్. వస్తే తర్వాత జత చేయొచ్చు. పిన్నిగారి అఫిడవిట్‌తో పాటు పి.పి.వో., శుభలేఖ పెట్టండి. భార్యగా అమ్మగారి పేరుతోనే వేయండి, పిల్లల పేర్లు దరఖాస్తుదారులుగా రాయకండి. మీ నంబరు నాకు మెసేజ్ చేయండి, ఫారం పంపేముందు ఒకసారి వీడియోలో పేజీ పేజీ చూద్దాం.

రిటైర్డ్_ఈఈ_నల్గొండ

ఎస్.ఆర్. అప్పీలు కాపీ నాకూ పంపు అమ్మాయ్. ఆ ఆఫీసులో మా బ్యాచివాళ్ల అబ్బాయి ఒకడున్నాడు, పాత రికార్డు గదిలో వెతికిస్తాను.